పక్క సీటు బరువు

ఇసుక బస్తా చిరిగిపోయింది కాబట్టి నేను ఆ కారెక్కాను. లేకపోతే ఆ వేసవి సెలవులన్నీ అత్తయ్య వాళ్ల వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, రేస్ ట్రాక్ మీద తిరిగే కార్ల చప్పుడు వింటూ, డైరీ రాసుకుంటూ గడిపేసి మా ఊరికి తిరిగొచ్చేసేదాన్ని.

మా అత్తయ్య, అంటే నాన్నకి అక్క, ఆ ట్రాక్ మీద డ్రైవింగ్ నేర్పేది. రోడ్డు మీద కారు నడపడం వచ్చినవాళ్లే అక్కడికి వచ్చేవాళ్లు, ఇంకా వేగంగా నడపడం ఎలాగో నేర్చుకోవడానికి. ముందు వాళ్లని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని అత్తయ్య రెండు రౌండ్లు తిప్పి చూపించేది. ఆ రెండు రౌండ్లతోనే సరిపెట్టుకుని, హెల్మెట్ తిరిగిచ్చేసి ఇంటికి వెళ్లిపోయిన మీసాలవాళ్లు కూడా ఉన్నారని మావయ్య చెప్పేవాడు. మావయ్య ఆ స్కూలు కారుకి మెకానిక్కు.

ఆ కారు ఎర్రటిది, జపాన్‌లో తయారైంది, నాకంటే పదిహేనేళ్లు పెద్దది. పక్కన నిలబడితే దాని కప్పు నా భుజం దాకా కూడా రాదు. ఇంజను ముందు ఉండదు, సీట్ల వెనకాల ఉంటుంది. మొదటిసారి మావయ్య ముందు మూత ఎత్తితే అక్కడ ఖాళీ కనిపించి, ఎవరో ఎత్తుకుపోయారేమో అనుకున్నాను. పైకి అనలేదు. నేను ఏదీ పైకి అనే రకం కాదు.

అత్తయ్య ఆ కారుని 'మా సవతి' అనేది.

"చూశావా కోడలా, పొద్దున్నే లేచి పెళ్లాం మొహం చూడడు మీ మావయ్య. దాని ఆయిల్ చూస్తాడు."

"నీలో ఆయిల్ ఎంతుందో మొహం చూడగానే తెలిసిపోతుంది. దానికైతే మూత తియ్యాలి మరి," అనేవాడు మావయ్య తల ఎత్తకుండానే.

"ఇన్నేళ్లుగా నేను నడుపుతున్నానా, ఒక్కసారి నా పక్కన కూర్చున్నాడేమో అడుగు. భయం."

"భయం కాదు. లోపల కూర్చుంటే ఇంజను సరిగ్గా వినపడదు."

"అదీ, భయానికి పెట్టుకున్న పేరు."

ఈ మాటలు వాళ్లిద్దరూ ఎన్నిసార్లు అనుకున్నారో, వింటుంటే ఎవరి వంతు ఎప్పుడొస్తుందో నాకు కూడా తెలిసిపోయేది.

మావయ్య నిలబడే చోటు ఒకటుంది. గ్యారేజీల ముందు, ట్రాక్ అంచున, నడుమెత్తు సిమెంటు గోడ. దాని పక్కన నీళ్ల డ్రమ్ము. అత్తయ్య కారు ట్రాక్ మీదకి వెళ్లిందంటే మావయ్య ఆ డ్రమ్ము పక్కన గోడ మీద మోచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఆ చెయ్యి ఆనే మేరకి సిమెంటు నున్నగా మెరుస్తూ ఉండేది.

నేను వచ్చిన వారానికే కొత్త కారు వచ్చింది.

అది కూడా జపాన్‌దే. మబ్బు రంగు. ట్రక్కు మీద నుంచి దింపుతుంటే, కారు దిగుతున్నట్టు లేదు, ఒక పెద్ద జంతువు నిద్రలేచి కిందికి నడిచి వస్తున్నట్టు ఉంది. ఎర్రదాని పక్కన నిలబెడితే, చిన్నపిల్ల పక్కన పహిల్వాను నిలబడినట్టుంది. బరువు దానికన్నా సగానికి సగం ఎక్కువ. బలమైతే రెండింతలు పైనే. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది, ఏ చక్రానికి ఎంత ఇవ్వాలో కంప్యూటరే చూసుకుంటుంది. క్లచ్ లేదు. గేరు మార్చడానికి స్టీరింగ్ వెనకాల రెండు రెక్కలు, వేళ్లతో తాకితే చాలు.

"బాగుంది," అన్నాడు మావయ్య, చుట్టూ ఒకసారి తిరిగి చూసి. "ఇంక నా పనేముంది దీంట్లో, దుమ్ము తుడవడమా."

ట్రాక్ మేనేజరు గారు మంచాయనే. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆ ట్రాక్‌లో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. స్కూలు కార్లలో ఏది తక్కువ సమయంలో రౌండు పూర్తి చేస్తుందో దానిదే ఒకటో గ్యారేజీ. నీడ, కారు కింద దిగి పనిచేసే గొయ్యి, గాలి కంప్రెసరు, అన్నీ ఆ గదిలోనే. దాని తాళంచెవి ఆ కారు మెకానిక్కు జేబులో ఉంటుంది. ఎర్ర కారు వచ్చిన దగ్గర్నుంచి, వేరే కార్లు ఎన్ని వచ్చి వెళ్లినా, ఆ తాళంచెవి మావయ్య జేబు దాటలేదు. ఇప్పుడేమో స్కూలు ఒక్క కారునే ఉంచుకోగలదు. పాత కార్లన్నీ పెట్టి చూపించే మ్యూజియం ఒకటి ఎర్రదాన్ని అడుగుతోంది. కొత్తది గెలిస్తే అదే ఉంటుంది, ఎర్రది మ్యూజియానికి పోతుంది. ఎర్రది గెలిస్తే కొత్తది వచ్చిన ట్రక్కు మీదే తిరిగి వెళ్తుంది. వేసవి అయ్యేలోపు పరీక్ష.

"రెండూ మేడమ్ గారే నడపాలి," అన్నారు మేనేజరు గారు. "ఇంకొకరు నడిపితే మనిషి తేడా వస్తుంది. కారు తేడా తెలియదు."

అత్తయ్య మావయ్య వైపు చూసింది. మావయ్య ఎర్ర కారు అద్దం మీద లేని మరక తుడుస్తున్నాడు.

"నడుపు," అన్నాడు. "నడపడానికే కదా జీతం."

మ్యూజియంలో కార్లకి పెట్రోలు, ఆయిలు అన్నీ తీసేసి, అద్దాల గదిలో పెడతారని ఆ రోజు సాయంత్రం అత్తయ్య చెప్పింది నాకు. టీ గ్లాసు పట్టుకుని, తాగడం మర్చిపోయి చెప్పింది.

పరీక్షకి ముందు మూడు వారాలు సాధన. స్కూలు కారంటే పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు కాబట్టి, సమయం లెక్క తీసేటప్పుడు పక్క సీట్లో మనిషంత బరువు ఉండాలి. దానికోసం ఒక ఇసుక బస్తాకి బెల్టు పెట్టి కూర్చోబెట్టేవాళ్లు. మొదటి రోజే ఒక మలుపులో ఆ బస్తా చిరిగి, ఇసుకంతా సీటు కింది పట్టాల్లోకి పోయింది. మావయ్య బ్రష్షు పట్టుకుని సగం రోజు ఏరుతూ కూర్చున్నాడు.

అత్తయ్య నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఈ పిల్ల ఎలాగూ నోరు విప్పదు. ఇసుక బస్తాకి తీసిపోదు. చిరగదు కూడా."

నాన్నకి ఫోన్ చేసి అడిగారు. "మా అక్క నడుపుతోందంటే నేను కళ్లు మూసుకుని పంపిస్తాను," అన్నాడు నాన్న. "కళ్లు తెరిచి మాత్రం చూడలేను." అప్పటి నుంచి ట్రాక్ మీద అందరికీ నా పేరు ఇసుక బస్తా. నాకు కోపం రాలేదు. స్కూల్లో నాకు ఏ పేరూ ఉండేది కాదు.

ఎర్ర కారులో మొదటి రౌండు గురించి డైరీలో రాయాలని ఆ సాయంత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. ఇప్పుడు చెప్పగలనేమో.

కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. వెనకాల, వీపుకి జానెడు దూరంలో ఇంజను. అది మొదలైతే చెవికి కాదు, ముందు వెన్నెముకకి తెలుస్తుంది. అత్తయ్య వంటింట్లో కూర తిప్పేటప్పుడు ఎంత నెమ్మదిగా ఉంటుందో, స్టీరింగ్ దగ్గర కూడా అంతే. కానీ ఖాళీగా ఉన్న అవయవం ఒక్కటి లేదు. ఎడమ చెయ్యి గేరు మీద, ఎడమ కాలు క్లచ్ మీద, కుడి పాదం మునివేళ్లు బ్రేకు మీద, అదే పాదం మడమ యాక్సిలరేటరు మీద. స్టీరింగ్ తిప్పడానికి యంత్రం సాయమేదీ లేదు కాబట్టి రోడ్డు మీద ఉన్న ప్రతి గరుకూ ఆమె మణికట్టులో కదులుతూ కనిపించింది. ఇంజను చప్పుడు పెరిగి, పెరిగి, ఇంక పెరగదు అనుకున్న చోట ఇంకో గొంతుతో మళ్లీ మొదలైంది. సన్నగా, తీగలాగా, ఆకాశానికి కట్టినట్టు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం కాదు. మా స్కూల్లో ప్రార్థన పాడేటప్పుడు అందరి గొంతులూ ఎప్పుడో ఒక్కసారి కలిసేవి. అలాంటప్పుడు అయ్యేది అలా.

దిగాను. మావయ్య నీళ్ల గ్లాసు ఇచ్చాడు.

"ఎలా ఉంది తల్లీ."

తల ఊపాను.

"అంతే. అంతకంటే చెప్పేదేమీ లేదు," అన్నాడు ఎంతో తృప్తిగా, నేనేదో పెద్ద ఉపన్యాసం ఇచ్చినట్టు.

మర్నాడు అత్తయ్య ఒక శిష్యుడితో ట్రాక్ మీద ఉంటే, మావయ్య నన్ను డ్రమ్ము పక్కకి పిలిచాడు.

"కళ్లు మూసుకో. ఇప్పుడు అవతలి చివర ఉంది. విన్నావా, గేరు దింపింది. ఇంకోటి. ఇప్పుడు పొడుగు మలుపు వస్తుంది."

పొడుగు మలుపంటే చివరి మలుపు. అది దాటితే మా ముందున్న తిన్నటి దారి. ఆ మలుపులో ఎంత వేగం నిలబెట్టుకుంటే తిన్నటి దారంతా అంత లాభం. ఎర్ర కారులో మలుపు మధ్యలో యాక్సిలరేటరు మీంచి కాలు తీయకూడదు, తీస్తే బరువంతా ముందుకి పడి వెనక భాగం బొంగరంలా తిరిగిపోతుంది. అందుకని మలుపుకి ముందే ఒక్క క్షణం కాలు తీసి, కారుని కుదుటపరచి, అప్పుడు లోపలికి వెళ్లాలి.

"ఇదిగో. విను."

తీగలాంటి ఆ చప్పుడు ఒక్కసారి తెగి, మళ్లీ అతుక్కుంది. రెప్ప వేసినంతసేపే.

"అదీ కాలు తీయడమంటే. మీ అత్తయ్య ఊపిరి తీసుకోవడం అది. దానికోసమే ఇక్కడ నిలబడతాను."

మళ్లీ ఏమనుకున్నాడో, "ఇంజను ఊపిరి," అని సరిచేసుకున్నాడు.

కొత్త కారు సాధన మొదటి రోజు ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎర్రదానికన్నా నాలుగు సెకన్లు ముందొచ్చింది. ఒక చిన్న రౌండులో నాలుగు సెకన్లంటే, ఒక కారు గీత దాటేసరికి రెండోది ఇంకా కనుచూపులోకే రాలేదన్నమాట.

అందులో కూర్చుంటే ఎలా ఉందో కూడా చెప్పాలి, అబద్ధం ఆడకుండా. నాకు దాన్ని ద్వేషించాలని ఉంది. కుదరలేదు. బయల్దేరగానే ఎవరో రెండు చేతులూ నా భుజాల మీద పెట్టి సీటులోకి నెట్టి, అలాగే పట్టుకున్నట్టయింది. గేరు మారినట్టే తెలియలేదు. మలుపు దగ్గరికి వచ్చేశాం, ఇంక అయిపోయింది అనుకుంటే అత్తయ్య అప్పుడు బ్రేకు తొక్కింది. నా ఒంట్లో నీళ్లన్నీ మొహంలోకి వచ్చాయి. కారు మాత్రం చెక్కు చెదరలేదు. అంత బరువు, అంత వేగం, అయినా గీత గీసి దాని మీద నడిచినట్టు నడిచింది. ఇది మనుషులే ఆలోచించి చేశారు, ఎక్కడో ఒక గదిలో కూర్చుని, ఏ చక్రం ఎప్పుడు జారుతుందో ముందే ఊహించి చేశారు అనుకుంటే ఒళ్లు జలదరించింది. ఎర్ర కారు చేసినవాళ్ల మనవలే దీన్ని చేసి ఉంటారని నాకెందుకో అనిపించింది.

అత్తయ్య దిగి, కారు కప్పు మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఎలా ఉంది," అడిగాడు మావయ్య.

"చెప్పమంటారా."

"చెప్పు."

"నేను తప్పు చేసే లోపలే అది సర్దేస్తోంది. అత్తగారిలాగా."

మావయ్య నవ్వాడు. తర్వాత మోకాలి మీద కూర్చుని, కొత్త కారు టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు. ఎర్రదాని దగ్గరికి వెళ్లి దాని టైరు కూడా నొక్కాడు.

"ఇదేం పోటీ. దీనికి కొత్త బూట్లేసి దానికి చెప్పులిచ్చారు," అన్నాడు.

మేనేజరు గారు ఒప్పుకున్నారు. ఒకే రకం రబ్బరు, ఒకే కంపెనీ, రెండింటికీ వాటి వాటి కొలతల్లో టైర్లు వచ్చాయి. వాటితో ఎర్రది బయటికెళ్లి వచ్చేసరికి, సమయం చూపించే బోర్డు మీద అంకెలు చూసి మేనేజరు గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. నాలుగు సెకన్ల తేడా ఒకటికి వచ్చేసింది. ఇంజనుకి ఏమీ చేయలేదు. మధ్యలో గడిచిపోయిన ఏళ్లు తెచ్చిన తేడాలో చాలా భాగం ఇంజన్లలో లేదు, నేలని తాకే ఆ అరచేతంత రబ్బరులో ఉంది. చిన్న మలుపుల్లోనైతే ఎర్రదే ముందుంది. బరువు లేదు కాబట్టి జింకలాగా తిరిగేది. తిన్నటి దారి రాగానే కొత్తది దాన్ని ఊదేసేది.

ఆ మధ్యలో ఒక మధ్యాహ్నం వాన పడింది. తడి ట్రాక్ మీద ఎర్రదాన్ని అత్తయ్య గుడ్ల బుట్ట మోసినట్టు నడిపింది. కొత్తది మాత్రం నీళ్లని రెండు రెక్కల్లా లేపుకుంటూ, పొడి నేల మీద వెళ్లినట్టే వెళ్లిపోయింది. తిరిగి వచ్చాక మావయ్య దాని చక్రం పక్కన కూర్చుని, తడి బురద వేలితో తుడిచి, "ఎలా తెలుస్తోంది నీకు," అని అడిగాడు. కారునే అడిగాడు. ఎవరూ వినలేదనుకున్నాడు.

అప్పటి నుంచి ఆయన కొత్తదాన్ని కూడా మూత తీసి చూడడం మొదలుపెట్టాడు. కానీ సాయంత్రం ఒకటో గ్యారేజీ తాళం వేసేటప్పుడు, ఎర్రదాని మీద గుడ్డ కప్పి, అంచులు రెండుసార్లు సర్దేవాడు. ఇంట్లో మాటలు తగ్గాయి. సవతి మాట ఎత్తడం మానేసింది అత్తయ్య. భోజనాల దగ్గర ఒకరోజు మావయ్య ఉన్నట్టుండి, "రెండిట్లోనూ ఒకేలా నడపాలి," అన్నాడు.

"నేనెప్పుడు వేరేలా నడిపాను."

"నడిపావని అన్నానా. నడపాలి అన్నాను."

పరీక్ష రోజు తెల్లవారుజామున గాలి చల్లగా ఉంది. గాలి చల్లగా ఉంటే ఇంజన్లకి బలం. ఒక్కో కారుకీ మూడు రౌండ్లు, అందులో అన్నిటికన్నా మంచిదే లెక్క. ముందు ఎర్రది.

ఆ మూడు రౌండ్లలో అత్తయ్య నడిపినట్టు ఇంకెవరైనా ఎప్పుడైనా ఏదైనా నడిపారేమో నాకు తెలియదు. ఆమె మొహం చూడలేదు, హెల్మెట్‌లో ఉంది. చేతులు చూశాను. అవి తొందరపడలేదు. కారు అన్ని మలుపుల్లోనూ కొంచెం కొంచెం జారుతూనే ఉంది, ఆమె దాన్ని జారనిస్తూనే పట్టుకుంటోంది. మెలకువలో ఉన్న పసిపిల్లని జోకొట్టే చేతులవి. మూడో రౌండు చివర పొడుగు మలుపుకి ముందు ఊపిరి తీసుకుంది, కారు కుదుటపడింది, లోపలికి వెళ్లాం. తిన్నటి దారి మీద ఆ తీగ ఎంత పైకి సాగిందంటే, తెగిపోతుందేమో అని నేను కాళ్లు బిగబట్టాను.

బోర్డు మీద అంకెలు. ఎర్ర కారు పుట్టాక ఎప్పుడూ అంత తక్కువలో రాలేదు. సాధనలో వచ్చినదానికన్నా అర సెకను ముందే. మేనేజరు గారు చప్పట్లు కొట్టారు. మావయ్య కొట్టలేదు. కళ్లు తెరిచి, ఇంజను మూత మీద చెయ్యి పెట్టి, "చాలు, చాలు, చల్లబడు," అన్నాడు దాంతో.

తర్వాత కొత్తది. బెల్టు బిగిస్తుంటే అత్తయ్య నా వైపు తిరిగి, "బాగానే కూర్చున్నావా," అని అడిగింది. అంతకుముందు ఎప్పుడూ అలా అడగలేదు.

మొదటి రౌండు గాలిలా వెళ్లింది. పొడుగు మలుపు వచ్చింది. ఆ కారులో అక్కడ కాలు తీయనక్కర్లేదు. వారాల తరబడి తీయలేదు కూడా. నా వీపు సీటుకి అతుక్కుని ఉండాల్సిన ఆ చోట, ఒక్క క్షణం, వీపు సీటు వదిలింది. బెల్టు నా భుజాల మీద తేలిగ్గా అయింది. మళ్లీ అతుక్కుంది. రెండో రౌండులో అదే చోట అదే. మూడోసారీ అంతే.

అత్తయ్య కారు ఆపింది. కొత్త కారు వెనకబడింది, సెకనులో మూడో వంతు. మేనేజరు గారు నవ్వు ఆపుకోలేక, "ఏం నడిపారు మేడమ్ ఎర్రదాన్ని. నేను నమ్మలేకపోతున్నాను," అంటున్నారు. ఆయన మొహంలో ఎంత సంతోషమో. ఎర్రదాన్ని గదిలోంచి తీసెయ్యమని చెప్పాల్సిన పని తప్పింది కదా.

మావయ్య గోడ దగ్గర్నుంచి నడిచి వచ్చాడు. వచ్చి, కొత్త కారు ముందు టైరు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇంకో రౌండు వెయ్యి."

"మూడూ అయిపోయాయి కదండీ," అంది అత్తయ్య.

"పొడుగు మలుపులో కాలు తీశావు."

అత్తయ్య హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది.

"ఎర్రదాంట్లో అలవాటు. అది దిగి ఇది ఎక్కాను. కాలు దానంతట అదే లేచింది."

"సాధన చేసినన్నాళ్లూ ఎర్రది దిగే దీన్ని ఎక్కావు. ఒక్కసారీ లేవలేదు."

మావయ్య నా వైపు చూశాడు. నేను చేతి తొడుగులు చూసుకుంటున్నాను.

"నువ్వేం చెప్పక్కర్లేదు తల్లీ. దీని కంప్యూటరు తెరిస్తే అందులోనూ ఉంటుంది. అదీ తెరవక్కర్లేదు. నేను విన్నాను." మళ్లీ అత్తయ్య వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ అక్కడ నిలబడి నేను ఇంకేం విన్నాననుకున్నావు."

మేనేజరు గారు కళ్లజోడు తుడుచుకోవడం కూడా మర్చిపోయారు.

"మీకోసమే అనుకోండి," అంది అత్తయ్య మెల్లగా. "అయితే ఏమిటట."

"నాకోసమైతే వద్దు. అదేం పాపం చేసింది. దాన్ని కూడా ఎవరో కూర్చుని చేశారు." ఆయన గొంతు కోపంగా లేదు. "రేపు పొద్దున నేను ఆ గది తాళం తీయాలి కదా. ఏ మొహం పెట్టుకుని తీయను."

ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లబడుతోంది.

"దిగు తల్లీ," అన్నాడు మావయ్య నాతో. "ఆ హెల్మెట్ ఇలా ఇవ్వు."

"మీరా," అంది అత్తయ్య.

"నేనే."

"మీ బరువు ఈ పిల్లకి ఒకటిన్నర ఉంటుంది."

"మోస్తుందిలే. పహిల్వానే కదా."

ఆయన తల నా హెల్మెట్‌లో పట్టలేదు. స్కూలుకి వచ్చేవాళ్లవి ఉంటే, వాటిలో పెద్దది వెతికి తెచ్చి పెట్టాను. బెల్టు బిగించడం ఆయనకి రాలేదు. ఎన్ని వందలమందికి బిగించి ఉంటాడో, తనకి తాను బిగించుకోవడం మాత్రం రాలేదు. అత్తయ్య వంగి, రెండు పట్టీలూ లాగి, కొక్కెం పెట్టింది. అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. ఏమందో నాకు వినపడలేదు. తలుపు వేసేశారు.

నేను ఎక్కడికి వెళ్లాలో నాకు తెలుసు. నీళ్ల డ్రమ్ము పక్కకి వెళ్లి, గోడ మీద నున్నగా ఉన్న చోట మోచెయ్యి పెట్టాను. ఎండ పడి సిమెంటు అప్పటికే వెచ్చబడింది. కళ్లు మూసుకున్నాను.

కొత్త కారు గొంతు ఎర్రదానిలా తీగ కాదు. బొంగురు, లోతు, భూమిలోంచి వచ్చినట్టు. అవతలి చివర గేర్లు దిగాయి, ఒకటి, ఇంకొకటి, ఎక్కడా అతుకు తెలియకుండా. చిన్న మలుపులు అయిపోయాయి. ఇప్పుడు పొడుగు మలుపు. నా ఊపిరి ఆగింది.

చప్పుడు తెగలేదు.

మలుపు మొదట్లో తెగలేదు, మధ్యలో తెగలేదు. పెరుగుతూ, నిండుతూ, మలుపంతా ఒకే ముక్కగా తిరిగి, తిన్నటి దారి మీదకి వచ్చి, నా ముందు నుంచి వెళ్లిపోయింది. గోడ నా మోచేతి కింద వణికింది. నేను కళ్లు తెరవలేదు. అది ఎంత అందంగా ఉందో ఆయన ఈసారి ఇక్కడి నుంచి వినలేకపోయాడే అనిపించింది.

బోర్డు చూసేసరికి కొత్త కారు ముందుంది. అర సెకను కూడా లేదు తేడా. సరిపోతుంది.

వాళ్లు వచ్చి ఆగారు. చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. చివరికి మావయ్య దిగి, ఒక చేత్తో కారుని పట్టుకునే నిలబడి, హెల్మెట్ తీశాడు. మొహం పాలిపోయి ఉంది. కానీ కళ్లు చూస్తే, మా ఊళ్లో పసిపిల్లలు మొదటిసారి వానని చూసినప్పటి కళ్లలా ఉన్నాయి.

"విన్నారా సరిగ్గా," అంది అత్తయ్య, అటువైపు నుంచి దిగుతూ.

"లోపల ఏమీ వినపడదు. చెప్పాను కదా."

"మరింతసేపూ ఏం చేశారు."

మావయ్య మాట కోసం వెతుక్కున్నాడు. అంత మాటకారి, వెతుక్కున్నాడు.

"నిన్ను చూస్తూ కూర్చున్నాను," అన్నాడు. "నువ్వు ఇలా నడుపుతావా."

అత్తయ్య నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. ఎంతసేపు కడుక్కుందో. మేనేజరు గారు గ్యారేజీ వైపు చూడకుండా ఆఫీసులోకి వెళ్లిపోయారు. తాళంచెవి ఇమ్మని ఎవరూ అడగలేదు. కొత్త కారుకి కూడా మెకానిక్కు మావయ్యే కాబట్టి అది ఆయన జేబులోనే ఉండిపోయింది. కానీ పొద్దున రౌండ్లయ్యాక లోపల పెట్టిన ఎర్రదాన్ని తీసి గది ఖాళీ చేయాలి.

"స్టార్ట్ చేసి బయటికి తీద్దామా," అంది అత్తయ్య.

"వద్దు. పొద్దున చాలా పాడింది. నెడదాం."

ఇద్దరూ ఎర్రదాని వెనక్కి వెళ్లారు. స్టీరింగ్ పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

"ఇసుక బస్తా," అన్నాడు మావయ్య. "ఇవాళ అటు వైపు కూర్చో."

కుడి వైపు తలుపు తెరిచి కూర్చున్నాను. అత్తయ్య సీటు. నా కాళ్లు పెడల్స్‌కి అందలేదు, అందక్కర్లేదు కూడా. స్టీరింగ్ చుట్టూ తోలు, రెండు చోట్ల ఆమె చేతులున్న మేరకి నున్నగా అరిగిపోయి ఉంది. సిమెంటు గోడ కూడా అలాగే అరిగింది. నా చేతులు సరిగ్గా అక్కడే పెట్టాను.

వాళ్లు నెట్టారు. కారు కదిలింది. నిలబడి ఉన్నప్పుడు ఆ స్టీరింగ్ ఎంత బరువో నేనెప్పుడూ అనుకోలేదు. భుజాలతో, నడుముతో, పళ్లు బిగించి తిప్పితే గానీ ముందు చక్రాలు మాట వినలేదు. ఈ బరువుని ఆమె వేళ్లతో ఆడించింది. కింద రాళ్లు నలిగే చప్పుడు ఒక్కొక్కటీ నా మణికట్టుకి వచ్చి చెప్పింది.

"ఎడమకి తిప్పు," అన్నాడు మావయ్య వెనక నుంచి.

"కుడికి," అంది అత్తయ్య. "వాకిలి అటుంది, కనపడటం లేదా మీకు."

"నడిపేది ఆ పిల్ల. దాన్ని చూసుకోనివ్వు."

అద్దంలో వాళ్ల తలలు రెండూ పక్కపక్కన వంగి ఉన్నాయి. ఇద్దరి జుట్టూ తడిగానే ఉంది.

"కుడికే తిప్పుతున్నాను," అన్నాను నేను.

బయటికి, పైకే అన్నాను. ఇంజను చప్పుడు లేదు కాబట్టి ఇద్దరికీ వినిపించింది. కారు నెమ్మదిగా నీడ దాటి ఎండలోకి వచ్చింది.